హేమ నెంబరు చెబితే ఏం చెయ్యాలంటే

బావా,

అమ్మకి కళ్ళజోడు చేయించడానికి బందరు వెళ్తున్నాను. చీకటి పడేలోగా వచ్చేస్తాను. చింతచిగురు రొయ్యల కూర గిన్నెలో ఉంది. మూత తీసి వదిలెయ్యకు, పిల్లి తిరుగుతోంది. హేమ నాలుగింటికి బడి నుంచి వస్తుంది.

రాగానే నెంబరు అడుగు. రెండో తరగతి పిల్లలకి భూషణం మాస్టారు నేర్పింది అదే కదా. మనసెలా ఉందో రేవులో ఎగరేసే తుఫాను హెచ్చరికల్లా నెంబరుతో చెప్పాలి. ఒకటంటే కాస్త చిరాకు, మూడంటే ఏడుపొచ్చేలా ఉందని.

కానీ నిన్నటిలా చెయ్యకు మహానుభావా! పిల్ల "మూడు" అందో లేదో, పడవలు ఒడ్డుకి లాగమన్నట్టు వీధంతా వినబడేలా కేకేశావు. అత్తయ్య వచ్చింది, ఎదురింటి రత్నం పిన్ని వచ్చింది. అందరూ చుట్టూ చేరి "ఏమైందమ్మా, ఎవరు కొట్టారు?" అంటుంటే పిల్ల మూడు నుంచి ఏడుకెక్కింది. ఇవాళ ఎవర్నీ పిలవకు. దాని పక్కన కూర్చుని నీ వల బాగుచేసుకో. చెప్పాలనిపించినప్పుడు అదే చెబుతుంది.

ఉమ

అసలు సంగతి మర్చిపోయాను. పొద్దున జడ వేస్తుంటే "నాన్నది ఎంత నెంబరు?" అని అడిగింది. నాన్నకేం లేదన్నాను. "మరి పడవ ఇంజను పాడైనప్పట్నుంచీ అన్నం సగంలో లేచిపోతున్నాడేం?" అంది. సాయంత్రం నిన్నే అడుగుతుందట. నిజం చెప్పు. భయపడకు, అది నీలా వీధిని పిలవదు. ఊరికే పక్కన కూర్చుంటుంది.