పనసపొట్టు కూరకి తెల్ల వైను

విశాఖపట్నం,
11 మార్చి 2014.

నాన్నకి షాలిని వందనాలు.

ఫోన్ చేస్తే "ఇదిగో, మీ అమ్మతో మాటాడు" అని అమ్మ చేతిలో పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదవాలి కదా, అందుకే రాస్తున్నాను.

మొన్న మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల వేళ నువ్వు ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ వైపు వచ్చావు. నేను చెయ్యి చాపాను. నువ్వు నన్ను దాటిపోయి నా పక్కన కూర్చున్న పద్మజ ముందు ఆగావు. చాపిన చేతిని ఏం చెయ్యాలో తెలియక చున్నీ సర్దుకున్నాను. నా వైపు చూడకుండా ఉండటానికి పద్మజ పడిన అవస్థ ఇంతా అంతా కాదు. ఇంటికొచ్చాక ఒక్కటే మాటన్నావు: "ఆ బ్రాందీ కొలువు ఒగ్గేసి రా. అప్పుడు సూద్దాం." సంఘ పెద్దలు నిన్నేమన్నారో నాకు తెలీదు. నాకు మాత్రం నీ మీద కోపంగా ఉంది. కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

అది బ్రాందీ కాదు నాన్నా, వైను. మా హోటల్ భోజనాల హాలుకి పెళ్ళిరోజనీ, కొత్త ఉద్యోగమనీ మనలాంటి కుటుంబాలే వస్తాయి. ఆ సీసాల పేర్లు చూసి భయపడతారు. తక్కువది అడిగితే ఎవరైనా చులకనగా చూస్తారేమోనని అన్నిటికంటే ఖరీదైన ఎర్ర వైను తెప్పించుకుంటారు. రొయ్యల ఇగురు కారానికీ దాని వగరుకీ అస్సలు పడదు. నోరంతా చేదై, చివరికి మా వంటమాస్టరు కూర్మయ్యని తిట్టి పోతారు. "మీ కూరకి ఆ కింద రాసిన చవకది బాగుంటుంది, ఒకసారి చూడండి" అని చెప్పడమే నా పని. నేను తాగుతానా లేదా అని నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను.

ప్రభువు బల్లకని అమ్మ ఎండుద్రాక్ష నానబెట్టి మరిగించేటప్పుడు, కాస్త మాడితే వీధి గుమ్మంలోంచే పసిగట్టేదాన్ని, గుర్తుందా? ఆ ముక్కే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. ఈ ఉద్యోగం మాత్రం నేను మానను నాన్నా. ఈ మాట ఎన్నిసార్లు రాసి కొట్టేశానో!

శనివారం నాకు పరీక్ష. మేనేజరు దేవేంద్ర గారు అన్నీ పైదేశపు సీసాలే పెట్టాలంటున్నారు. మన దేశపు చవక వైన్లు మన కూరలకి చాలునని నేను వాదించాను. నిరూపించమన్నారు. నెగ్గితే ఆ హాలు వైన్లన్నీ నా చేతికొస్తాయి, లేకపోతే మళ్ళీ రిసెప్షన్‌లో తాళాలు అందిస్తూ నవ్వుతూ నిలబడాలి. నేను ఎంచిన ముఖ్యమైన వంటకం ఆవపెట్టిన పనసపొట్టు కూర. మా వంటింట్లో ఏ కూరనైనా వడ్డించేదాకా సెగ మీదే ఉంచుతారు, దాంతో ఆవ చేదెక్కిపోతోంది. ఆవ ఎప్పుడు పెట్టాలో వాళ్ళకి చూపించడానికి అమ్మని శనివారం పొద్దున్న పాసింజరుకి పంపు. పంపకపోయినా నేను వెనక్కి తగ్గను.

నీ మొండి కూతురు,
షాలిని.

విశాఖపట్నం,
16 మార్చి 2014.

బంగారు అమ్మా,

గెలిచాను! నిన్నటి నుంచి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

నీ మోకాలు వాచిందని నాకు తెలీదు. రైలు టైము దాటిపోయింది, ఇంక నువ్వు రావు, నాన్న పంపలేదు అనుకున్నాను. చూస్తే వంటింటి వెనక గుమ్మంలో తెల్లచొక్కాతో నాన్నే! చేతిసంచిలో నువ్వు కొట్టి ఇచ్చిన పనసపొట్టు. "మీ అమ్మ కాలు లెగనేదు. పొయ్యి ఏదే?" అన్నాడు. కోత పండక్కి సంఘం ప్రేమవిందులో వంటంతా మగవాళ్ళదే కదా, పెద్ద గుండిగకి ఆవ పెట్టేది ఏటా నాన్నే కదా. నాకు ఆ సంగతే తట్టలేదు చూడు!

కూర్మయ్య గిన్నె దించనంటాడు. "సల్లారిపోతే మమ్మల్ని తిడతారు మావా."

"నన్ను తిట్టమను. సేదెక్కినాక ఎవుడు తింతాడు? దించీ!"

గిన్నె దిగింది. ఆవ ఘాటు హాలు దాకా వెళ్ళింది. దేవేంద్ర గారు ముందు తన ఖరీదైన ఎర్రదానితో ఒక ముద్ద తిని, మొహం ముడుచుకుని మంచినీళ్ళు తాగారు. అప్పుడు నేను నాసిక్ తోటల తెల్ల వైను పోశాను, బాగా చల్లగా. అది కొద్దిగా తీపి తగులుతుంది, ఆ తీపి ఆవ ఘాటుని బుజ్జగిస్తుంది. ఒక ముద్ద తిని ఒక గుక్క తాగి ఆగారు. మళ్ళీ ముద్ద, మళ్ళీ గుక్క. తర్వాత మారు అన్నం అడిగారమ్మా! నెత్తళ్ళ చేపల వేపుడుకి నిమ్మపులుపుండే ఇంకో చవకది ఇచ్చాను. ఆపైన బల్ల దగ్గర మాటల్లేవు, తిండే. చివరికి ఆయనే లేచి, "సోమవారం నుంచి ఈ హాలు షాలినిది" అన్నారు. నాకు అరవాలనిపించింది.

నాన్న ఇదంతా వంటింటి తలుపు చాటు నుంచి చూశాడు. నేను రుచి చూసి బకెట్లో ఉమ్మేస్తుంటే దగ్గరికి వచ్చాడు.

"ఉమ్మేస్తన్నావేటే?"

"అంతా ఉమ్మేస్తాను నాన్నా. మింగితే నాలుక పనిచెయ్యదు."

"ఈ ముక్క ఉత్తరంలో రాయొచ్చు కదే!"

"నువ్వడగలేదు."

స్టేషన్లో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, "ఆ పళ్ళెం నాది కాదే, ప్రభువుది. నేను ఒట్టి మోసీవోణ్ణి," అన్నాడు. రైలు కదిలిపోయింది. ఆయన మనసులో ఏముందో నాకు తెలీలేదమ్మా, నువ్వే కాస్త కనుక్కో.

నీ షాలిని.

చీపురుపల్లి,
24 మార్చి 2014.

షాలినికి నాన్న దీవెనలు.

నిన్న పెద్దల కూటంలో నీ సంగతి నేనే ఎత్తాను. నువ్వు ఉమ్మేస్తావని చెప్పగానే రాబర్ట్ గారు, "అలాగైతే పరవాలేదులే, ఈసారి ఇచ్చేద్దాం" అన్నారు. అందరూ తలూపారు. అక్కడితో అయిపోయేది. నేనే ఒప్పుకోలేదు. ఉమ్మేస్తుంది కాబట్టి ఇవ్వడమేమిటి? నా కూతురు నలుగురి ముందు నిలబడి, చెయ్యి చాపకుండా, అబద్ధమాడకుండా పని చేసుకుంటోంది. అది నా కళ్ళతో చూసి వచ్చాను. దాన్ని దాటి వెళ్ళడం తప్పు, ఆ తప్పు చేసింది నేను, ఇంకెవరి చేతా చేయించకండి అన్నాను. పెద్ద గొడవైంది. సగం మంది నా వైపు, సగం మంది అటు. ఏమీ తేలలేదు. పళ్ళెం మోసే పని వదిలేసి ఇంటికొచ్చాను.

వచ్చే మొదటి ఆదివారం నువ్వు రావాలి. పళ్ళెం ఎవరు పడతారో నాకు తెలీదు. నేను మాత్రం ఆడవాళ్ళ వైపు, చాప మీద నీ పక్కనే కూర్చుంటాను. మీ అమ్మ ఇప్పటినుంచే పొట్ట పట్టుకుని నవ్వుతోంది, నవ్వనీ. నిన్ను దాటాలంటే నన్నూ దాటాలి. ఈ సంఘంలో నన్ను దాటేవాడెవడో నేనూ చూస్తాను.

మీ నాన్న,
ఏసురాజు.