డీజిల్ ట్యాంకు తాళం

భాగ్యా,

డ్యూటీ నుంచి రాంగనే కూర వేడి చెయ్. సాయంత్రం ట్రిప్పుకు మీ తమ్ముడు నితీష్ మూడింటికే వస్తడు. నేను మాదాపూర్‌ల నీళ్ల క్యాన్లు దింపి బండి తెచ్చేసరికి జర లేటైతది. డీజిల్ ట్యాంకుకు వేసిన తాళం తీసి అల్మారాల పెట్టిన. ఎందుకు తీసిండని నితీష్ అడిగితే, బస్తీల డీజిల్ దొంగ దొరికిండని చెప్పు.

అసలు డీజిల్ ఎవ్వరూ తియ్యలే. నితీష్ నడిపితే వచ్చే మైలేజీ నాకెందుకు రాదని, బండి నాకిచ్చే ముందు డీజిల్ తీస్తుండేమోనని వాని మీదనే అనుమానపడి తాళం వేసిన. మొన్న మెకానిక్ మొయిన్ లింగంపల్లి నుంచి నా పక్కన కూసొని వచ్చిండు. "గేర్ మార్చేది లేకున్నా క్లచ్ మీద కాలెందుకన్నా? డీజిల్ తాగేది ఆ కాలే" అన్నడు. కాలు పక్కకు పెట్టి నడిపితే లీటరుకు తొమ్మిదిచ్చే బండి ఇప్పుడు పన్నెండిస్తుంది. పెద్ద బరువు దిగినట్టుంది. అయినా ఎన్నిసార్లు నా పక్కన కూసున్నవ్, నా కాలు దిక్కు ఒక్కసారన్న చూసినవా?

నర్సింహ

ఇంకోటి. దొంగ దొరికిండని వానికి చెప్పకు. నా అనుమానం వానికి ఎప్పుడో సమజైనట్టుంది. తాళం వేసిన దినం నుంచి బండి చాబీ నా చేతికియ్యకుండ గోడ మేకుకు తగిలేసి పోతుండు. అన్నం పెట్టి కూసోబెట్టు. నేనొచ్చి చాబీ వాని చేతుల పెట్టి, దొంగెవరో నేనే చెప్త.