నర్సమ్మ కుదిర్చిన కొట్టు

పుదుచ్చేరి,
ఫిబ్రవరి 1955

తాయారూ,

ఎవరో చెప్పేలోగా నేనే చెబుతున్నాను. ఆసుపత్రి ఉద్యోగం మానేశాను. ఇప్పుడు కొట్లు, గోదాములు బేరం కుదిర్చే దళారీని. నవ్వుకో. జెండా మారాక ఫ్రెంచివాళ్ళు ఒక్కొక్కరే ఓడెక్కుతున్నారు, మద్రాసు వ్యాపారులు దిగుతున్నారు. ఇంజక్షన్లకని ఇంటింటికీ తిరిగినదాన్ని, ఏ గోడకు చెమ్మ ఉందో నాకు తెలియంది కాదు.

ఎందుకు మానేశానంటే, జీతం చాలక కాదు. ఉప్పళం నుంచి వచ్చిన బాలింత ఒకామె నా చేతుల్లో పోయింది. దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని, వెళ్ళి అన్నం తిన్నాను. రుచిగానే ఉంది. ఏడుపు సరే, జాలి కూడా రాలేదు. నా మీద నాకే భయం వేసింది. ఇలాంటిదాన్ని రోగుల దగ్గర ఎందుకు? గోడల దగ్గరయితే ఎవరికీ నష్టం లేదు.

తిట్టాలనుంటే తిట్టు.

నీ గంగాభవాని

పుదుచ్చేరి,
ఏప్రిల్ 1955

తాయారూ,

"మనసు రాయి కాలేదే, అలిసిపోయింది" అని రాశావు. నేను నమ్మలేదు. ఇది విని నువ్వే చెప్పు.

కోసపాళయంలో పురుషోత్తమన్ గారి కొట్టు మద్రాసు వ్యాపారికి కావాలి. అందులో వీరాసామి అనే దర్జీ మంచాన పడి ఉన్నాడు. లీజు గడువు అయిపోయింది. జబ్బు మనిషిని వెళ్ళగొడితే వీధి ఊరుకోదు. అందుకని ఆయన నన్ను పిలిచి, "నర్సమ్మా, వీడు ఇంకెన్నాళ్ళుంటాడో చూసి చెప్పు. పోయేటట్టుంటే కాచుకుంటా. లేచేటట్టుంటే మద్రాసాయన అన్నాళ్ళు ఆగడు, వీడికే లీజు రాసేస్తా, ఏంది?" అన్నారు.

నాడి పట్టుకున్నాను. వారం కూడా గడవదని తెలిసిపోయింది. పక్కన అతని భార్య రాసాత్తి కుట్టుమిషను మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆమె కూడా కుడుతుంది. నాకు ఏడుపొచ్చింది, తాయారూ. ఏడుపొచ్చినందుకు ఎంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను.

"నెలలో లేచి తిరుగుతాడండీ. అందాకా అద్దెకు పూచీ ఉండాలి కదా, లీజులో భార్య పేరు కూడా కలపండి" అన్నాను. కలిపారు.

అయిదేళ్ళకు సంతకాలయ్యాయి. నాలుగో రోజున వీరాసామి పోయాడు. దినాలు కాగానే రాసాత్తి కొట్టు తెరిచింది.

పురుషోత్తమన్ గారు నన్ను వీధిలో నిలదీశారు. "లేస్తాడంటివే! యాడ నేర్చుకున్నావు ఈ నర్సు పని?"

"అది చేతకాకనే కదండీ మానేశాను" అన్నాను.

నీ గంగాభవాని