ఈస్టర్ పంది తొడ, టాకెట్ గారి కుర్చీలు

మార్లో పట్నం, కెంటకీ
1957 ఏప్రిల్ 3

లూడీ పెద్దమ్మకు హోబర్ట్ నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నాకొక పంది తొడ కావాలి. నీ పొగగదిలో పోయినేడు ఉప్పు పట్టించి వేలాడదీసినవాటిలో పెద్దది చూసి బస్సులో పంపించు. పధ్నాలుగు మంది తినాలి. వండేది నేనే. కొండలూ లోయలూ కొలిచి పటం గీసేవాణ్ణి, ఒక తొడ ఉడికించలేనా? ఎందుకని అడగకు. ఎవరికీ చెప్పకు.

ఇట్లు,
నీ హోబర్ట్

తా.క.: అమ్మ ఇంట్లో ఉన్నవి ఆరు కుర్చీలే. మిగతావి శవపేటికల టాకెట్ గారు ఇస్తానన్నారు. ఆయన దగ్గరున్నది శవాలు మోసే ఆ నల్ల బండి ఒక్కటే కాబట్టి అందులోనే వస్తాయి.


పైన్ గ్యాప్
ఏప్రిల్ 6

చిరంజీవి హోబర్ట్‌ను దీవించి పెద్దమ్మ రాయునది.

నీ ఉత్తరం చదివి కూలబడ్డాను. ధైర్యంగా ఉండు నాయనా. ఈ కొండల్లో మనిషి పోయిన ఇంటికి నలుగురూ తొడలు మోసుకెళ్తారు. అంతే తప్ప పెళ్లికాని మగవాడు తనంతట తాను తొడ అడగడం నేనెన్నడూ వినలేదు. పోనీ ఈస్టర్ విందుకేమో అనుకుందామంటే, అది ఈ ఏటి నుంచి తన ఇంట్లోనే అని మీ వదిన వెర్నా చర్చి మెట్ల మీద చాటింది కదా.

తొడ పంపాను. పైన బూజు చూసి హడలిపోకు, మంచి తొడకి బూజు ఉంటుంది. బ్రష్షు పెట్టి రుద్దు. రెండు రాత్రులు నానబెట్టు, నీళ్లు మారుస్తూ ఉండు. ఎముక కదిలేదాకా సన్న సెగ మీద ఉడకనియ్యి. తోలు తీసెయ్, కొవ్వు ఉంచు. పైపూత సంగతి తర్వాత రాస్తాను. ఏడుస్తూ పాకం గురించి రాయలేను.

ఆశీస్సులతో,
లూడీ పెద్దమ్మ

తా.క.: ఎవరు?


మార్లో
ఏప్రిల్ 9

పెద్దమ్మకు నమస్కారాలు.

ఎవరూ పోలేదు. ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే, పోతే నాకు తెలియదా? క్లైడ్ అన్నయ్య, వదిన, పిల్లలు అందరూ గుండ్రాయిల్లా ఉన్నారు. సంగతేమిటో ఈ నెలలో ఒక ఆదివారం గడిచాక చెప్తాను.

తొడ అందింది. బస్సు డ్రైవరు టోపీ తీసి మరీ నా చేతికిచ్చాడు. ఎందుకో తెలియలేదు.

ఇట్లు,
హోబర్ట్

తా.క.: పండగ ముందు సమాధులు శుభ్రం చేయాలి కదా, నిన్న వెళ్లాను. పనిలో పనిగా అక్కడ మన కుటుంబం జాగా నా సర్వే గొలుసు పెట్టి కొలిచాను. అమ్మ పక్కన ఇంకొకరికి హాయిగా చోటుంది. పాస్టరుగారిని కూడా ఆ ఆదివారం మధ్యాహ్నం మనకోసం ఖాళీ పెట్టుకోమన్నాను.


పైన్ గ్యాప్
ఏప్రిల్ 12

నాయనా హోబర్ట్,

అర్థమైంది. అందరూ గుండ్రాయిల్లా ఉన్నారని రాశావు, నువ్వెలా ఉన్నావో రాయలేదు. నల్ల బండిలో కుర్చీలు, పాస్టరుగారు, అమ్మ పక్కన చోటు! చిన్నప్పటి నుంచీ నీది ఇదే వరస. బడి తెరవకముందే పుస్తకాలకు అట్టలేసుకునేవాడివి. కానీ ఒరే, తన దినానికి తనే తొడ వండుకున్నవాణ్ణి ఈ జిల్లాలో ఎవరూ చూడలేదు. గుండెనా? కాలేయమా? డాక్టరు ఎంత గడువిచ్చాడు?

కన్నీళ్లతో,
పెద్దమ్మ

తా.క.: పైపూతకి జొన్న దంటు తీపి పాకం, నూరిన ఆవాలు, కాస్త వెనిగర్. కొవ్వు మీద కత్తితో గళ్లు గీసి, గడికొక లవంగం గుచ్చు. ఎలాగూ పోయేవాణ్ణేగా అని లవంగాలు తగ్గించకు.


మార్లో
ఏప్రిల్ 15

పెద్దమ్మా!

నాకే జబ్బూ లేదు. నిజం చెప్పేస్తున్నాను, అది ఈస్టర్ విందుకే. అమ్మ పోయి ఏడాదైనా కాకముందే వదిన విందుని తన ఇంటికి లాక్కుపోయింది. నేను అడ్డుపడ్డాను. "నువ్వేం వండుతావు మరిదీ? నేనైతే డబ్బా మాంసం తెస్తాను, దానికే అంటించిన తాళంచెవి తిప్పి తెరవడమే పని" అంది. నేను తగ్గలేదు. "సరే, ఈ ఒక్కసారికి మీ అమ్మ ఇంట్లోనే తింటాం. ముక్క దిగకపోతే మాత్రం వచ్చే ఏటి నుంచి నోరెత్తకూడదు" అంది.

ఏడాదంతా అమ్మ భోజనాల బల్ల దగ్గర నేనొక్కణ్ణే తింటాను. అది నిండేది ఆ ఒక్క రోజే. ఆ రోజు కూడా పోతే, అమ్మ రెండోసారి పోయినట్టే నాకు. కానీ పోనివ్వను. గళ్లు స్కేలు పెట్టి గీస్తాను, చూస్తూండు.

ఇట్లు,
ఆరోగ్యంగా ఉన్న హోబర్ట్

తా.క.: తొడ నానేది స్నానాల తొట్టిలో కాబట్టి గురువారం నుంచి నా స్నానం ఫైర్ స్టేషన్లో. ఈ జబ్బు కథ నువ్వెవరికీ చెప్పలేదు కదా?


పైన్ గ్యాప్
ఏప్రిల్ 17

హోబర్ట్‌కు,

సంతోషం. పూత మెరుపెక్కేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలకు, పాకం క్షణంలో మాడుతుంది. ముక్కలు కాగితమంత పలచగా కొయ్యి. వంటవాడు ఎక్కువ మాట్లాడకూడదు.

పెద్దమ్మ

తా.క.: నువ్వడిగిన ప్రశ్నకి ఈ కాగితంలో చోటు చాల్లేదు.


మార్లో
ఏప్రిల్ 22

పెద్దమ్మకు,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తొడ రాగి చెంబులా మెరిసింది. ఒక్క గడి కూడా వంకర పోలేదు. పధ్నాలుగు మందిని పిలిస్తే వీధి వీధంతా వచ్చింది, తలా ఒక తొడ పట్టుకుని. టాకెట్ గారు అడక్కుండానే ఇంకో బండెడు కుర్చీలు దింపి, నన్ను ఎగాదిగా చూసి, "ఆరడుగులుంటారా?" అన్నారు. క్లైడ్ అన్నయ్య మూడేళ్ల కింద పట్టుకెళ్లిన గొడ్డలి తెచ్చిచ్చాడు.

వదిన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని భోరుమంది.

"నాకేం లేదు వదినా, గుర్రంలా ఉన్నాను" అన్నాను.

"విన్నారా పాస్టరుగారూ, ఎంత గుండె నిబ్బరమో!" అని ఇంకా ఏడ్చింది. తర్వాత లేచి బల్ల మీద చెయ్యివేసి, "మేం బతికున్నంతకాలం ఈస్టర్ ఈ ఇంట్లోనే, ఈ బల్ల దగ్గరే. దేవుడి ముందు మాటిస్తున్నా" అంది. పాస్టరుగారు ఆమెన్ అన్నారు.

గెలిచాను. వెలితి ఒక్కటే. ఉప్పు సరిపోయిందా అంటే ఒక్కడూ నిజం చెప్పలేదు. పోయేవాడి వంటకి ఎవరు వంకపెడతారు? ఇదంతా ఎవరి పనో నాకు తెలుసు. జవాబు రాయి.

ఇట్లు,
హోబర్ట్

తా.క.: వెళ్తూ వెళ్తూ పాస్టరుగారు నాకిష్టమైన కీర్తన ఏదని అడిగారు.


పైన్ గ్యాప్
ఏప్రిల్ 25

చిరంజీవి హోబర్ట్‌కు (ఈసారి ఆ మాట ధైర్యంగా రాస్తున్నాను),

క్లైడ్ నాకొక ముక్క తెచ్చిచ్చాడు. ఉప్పు ఒక పిసరు ఎక్కువ. పూత మాత్రం మీ అమ్మ చేతి పూతకన్నా బాగుంది. ఆవిడకు వినపడకుండా మెల్లగా రాస్తున్నాను.

ఇక నీ జబ్బు సంగతి. నువ్వు పోతున్నావని నీకు రాసిన రోజే వెర్నాకీ రాశాను. నమ్మే రాశాను. నీ నిజం అందగానే దిద్దుదామని కలం సిరాలో ముంచాను కూడా. ఇంతలో నీ ఉత్తరంలో ఆ డబ్బా, ఆ తాళంచెవి మళ్లీ కంటబడ్డాయి. మా చెల్లెలి ఈస్టర్‌ని డబ్బాలో పెట్టనిస్తానా? కలం కడిగి లోపల పెట్టేశాను.

మాట మాటే. పాస్టరుగారి ముందు ఇచ్చింది, వెనక్కి తీసుకోలేదు.

ఆశీస్సులతో,
లూడీ పెద్దమ్మ

తా.క.: వచ్చే ఈస్టర్‌కి కూడా నువ్వు బతికే ఉంటావు కాబట్టి వెర్నాకి ఏదో ఒకటి చెప్పాలి. ఆవిడ ప్రార్థనతోనే నీకు నయమైందందాం. ఆ గొప్ప నలుగురిలో చెప్పుకోవడానికైనా ఏటా మీ ఇంటికొచ్చి తింటుంది.