చీకటి పడితే పురుగే

జనవరి 4, ఆదివారం

కొత్త ఏడాది తీర్మానం: రాయిగా మారిన వెన్నుపూసను చూసి అది ఏ పాముదో చెప్పడం నేర్చుకోవాలి. అదీ ఇప్పుడు భూమ్మీద లేని పాములు! ఐర్లండ్‌లో, ట్రాలీ అనే ఊళ్ళో ఎముకల డాక్టర్ని, రోజూ చూసేవి వెన్నుపూసలే. నాకిదో లెక్కా? ఆన్‌లైన్ కోర్సువాళ్ళు నమూనాల పెట్టె పంపారు. వంటింటి ప్రెస్‌లో, అంటే మన అల్మారాలో, మా ఆవిడ ఊర్మిళ చేత ఒక అర ఖాళీ చేయించాను. నెలాఖరుకి పరీక్ష.

జనవరి 6, మంగళవారం

ముందు గుంట, వెనక బుడిపె. పైన ఇంకో జత కీళ్ళు, ఎంత మెలి తిరిగినా ఊడకుండా. మనిషికి ఇవే ఉంటే నా క్లినిక్ సగం ఖాళీ!

ఊర్మిళ షరతు: దీపం పెట్టాక పాము అనకూడదు, పురుగు అనాలి. ఇంగ్లీషులో అంటానన్నాను. ఏ భాషైనా ఆ పేరు ఆ పేరేనట. ఇక్కడ జనవరిలో సాయంత్రం కాకుండానే చీకటి. కాబట్టి నేను ఇంట్లో ఉన్నంతసేపూ పురుగే.

జనవరి 13, మంగళవారం

అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకదాన్ని కొండచిలువ అని రాసి పంపాను. బల్లి అని జవాబొచ్చింది. లైటు సరిగ్గా లేదు.

జనవరి 20, మంగళవారం

చదవలేదు. ఆన్‌కాల్. జలుబు. వాన కూడా. వానకీ చదువుకీ ఏమిటి సంబంధం అంటే చెప్పలేను.

జనవరి 23, శుక్రవారం

కొంప మునిగింది. ఇంటి ఓనరమ్మ నోరా మా ఆమనిని గేటు దగ్గర పలకరించిందట. మా తొమ్మిదేళ్ళ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. నాన్న ప్రెస్ నిండా బగ్స్ పెట్టుకున్నాడని చెప్పేసింది. లీజు ఈ నెలతో ఆఖరు. ఈ ఊళ్ళో ఇంకో ఇల్లు దొరకడం కల్ల. భయంగా ఉంది.

జనవరి 24, శనివారం

దీపం పెట్టిన కాసేపటికి నోరా వచ్చింది, పురుగుల మందు కొట్టే మనిషితో సహా. నేను ఆ పేరు ఎత్తకుండా శిలాజాలు, నమూనాలు, కీళ్ళు అంటూ మొదలుపెట్టాను. నేను చెప్పేకొద్దీ ఆ మనిషి ప్రెస్‌కి దగ్గరవుతున్నాడు. పురుగులున్న ఇంటికి లీజు రాయలేనని నోరా అనేసింది.

ఊర్మిళ దేవుడి వైపు తిరిగి ఒక్కసారి దణ్ణం పెట్టుకుంది.

"స్నేక్స్, నోరా. ఓన్లీ స్నేక్స్. ఆల్ డెడ్."

నోరా కుర్చీలో కూలబడి నవ్వింది. "స్నేక్సా? గ్రాండ్ సో!" అంటే, అయితే సరే అని. పాములే లేని దేశంలో వాటికి భయపడేదెవరు? టీ తాగి సంతకం పెట్టి వెళ్ళింది. ఊర్మిళ దీపం ముందుకెళ్ళి లెంపలు వేసుకుంది. నాకు సిగ్గేసింది.

జనవరి 25, ఆదివారం

పెట్టె తిరిగి పంపేద్దామని టేపు వేస్తున్నాను. ఇల్లు పోగొట్టే సరదా మనకెందుకన్నాను. ఊర్మిళ టేపు లాక్కుంది.

"దీపం ముందు ఆ పేరు నా నోట పలికించారు. ఇప్పుడు మానేస్తానంటే ఊరుకోను."

పెట్టె విప్పాను. రేపు సోమవారం. మొదటి పాఠం నుంచి.