సంధ్య గొంతుకొక మిక్సర్

మణికొండ,
జులై చివరి ఆదివారం

ప్రియమైన అశ్వినీ,

కాగితం మీద నా కోడిగీతలు చూసి నవ్వుకుంటున్నావేమో. హాస్టల్లో నీది పగటి డ్యూటీ, నాది రాత్రి డ్యూటీ. ఒకే మంచం వంతులవారీగా వాడుకుంటూ దిండు కింద చీటీలు పెట్టుకున్నవాళ్లం. మళ్లీ ఆ రోజులు వచ్చాయనుకో. ఈసారి పోస్ట్‌మ్యాన్ మా ఆయన రాకేష్. అతను నడిపే ఆఫీసు క్యాబ్‌కు తెల్లాపూర్ ట్రిప్పు పడినప్పుడల్లా మీ గేటు దగ్గర ఇస్తాడు.

అసలు సంగతి. నాకొక చిన్న మిక్సర్ కావాలి. వంటింట్లోది కాదు, మైకులు కలిపి స్పీకరుకు పంపేది. ఇంట్లో లాప్‌టాప్‌కు తగిలించి పాటలు రికార్డు చేసుకోవాలి. దసరాకు మా సెల్లారులో బతుకమ్మ ఆడేటప్పుడు అదే తీసుకెళ్లి స్పీకర్లకు పెట్టాలి. నువ్వు గది తలుపులేసుకుని కథలు చదివి రికార్డు చేసేదానివి, ఇవన్నీ నీకు కొట్టిన పిండి. మంచిది చూసి పెట్టు.

ఎందుకో కూడా చెబుతాను. ఏడవకు. గొంతు బొంగురుపోయి తగ్గడం లేదని చూపించుకుంటే లోపల గడ్డ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. మంచిది కాదట. సెప్టెంబరులో స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు అన్నారు. పాట సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

అమ్మ జనగామ నుంచి వచ్చి ఉంది. "మాట లేకుంటె ఏంది బిడ్డా, పాణం ఉంటె సాలు" అని నాకు ధైర్యం చెబుతుంది. చెప్పి వంటింట్లోకి పోయి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తుంది.

మా అపార్టుమెంటులో బతుకమ్మకు పాట ఎత్తేది నేనే కదా. కింది ఫ్లాటు స్వప్న డీజే పెట్టిద్దామంటే, నేనుండగా పెట్టెతో పనేంటి అన్నదాన్ని. ఇప్పుడు నేనే పెట్టెలోకి పోవాల్సి వచ్చింది. పోనీ, డీజే కన్నా నేను నయం.

ఫోన్ చేయకు. ఇంటికి రాకు. నువ్వొస్తే నేను ఊరుకోను, వాగుతాను. ఉన్న కాస్త గొంతూ పాటలకు దాచుకోవాలి. అలిగినా సరే.

ఎప్పటికీ నీ మంచంలో సగం,
సంధ్య


తెల్లాపూర్,
ఆగస్టు మొదటి వారం

నా సంధ్యకు,

ఏడవకు అంటే ఆగుతుందా? నీ ఉత్తరం గేటు దగ్గరే చదివి అక్కడే ఏడ్చాను. రాకేష్ కంగారుపడి నీళ్ల సీసా ఇచ్చి, "జర కూసోండి మేడం" అన్నాడు. అతన్ని నేను ఓదార్చాలి, అతను నన్ను ఓదార్చాడు. స్కూటీ తీసుకుని బయల్దేరి గచ్చిబౌలి దాకా వచ్చి, నీ మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. ఇంత కష్టమైన కోరిక నన్నెవరూ ఎప్పుడూ కోరలేదు.

సరే, మిక్సర్. పెద్దవాటి జోలికి పోవద్దు. పన్నెండు మైకులు పట్టేవి పెళ్లి బ్యాండు వాళ్లకు. నీకొకటి, మీ అమ్మకొకటి, రెండు మైకులు పడితే చాలు. ప్రతి మైకుకూ విడిగా గొంతు పెంచే మర ఉండాలి. నీ గొంతు సన్నబడిన రోజు కొంచెం పెంచుకుంటావు, మరీ పెంచితే చీలిపోతుంది. ట్యాబ్‌తో నడిపేవి కూడా ఉన్నాయి, చూడటానికి భలే ఉంటాయి. సెల్లారులో సిగ్నల్ పోయిందంటే అందరూ దాని మొహం చూస్తూ నిలబడాలి. చేత్తో తిప్పేదే నయం. పెన్‌డ్రైవ్ పెడితే పాడేది కావాలి, ఎందుకంటే ఫోన్‌తో పాడిస్తే సరిగ్గా మధ్యలో ఎవడో లోన్ కావాలా అని కాల్ చేస్తాడు.

గొంతు గుహలోలా మోగించే ఎకో మర ఒకటి ఉంటుంది. ఇంట్లో దాన్ని ముట్టుకోకు. రికార్డులో కలిసిందంటే ఉప్పు ఎక్కువైన కూరే, మళ్లీ తీయలేం.

రెండు తెప్పించుకుని విన్నాను. ఒకటి ముద్దుగా, అరచేతి మందాన ఉంది గాని, మైకు పెంచితే చాలు బుస్సుమంటోంది. ఎవరూ పాడనప్పుడు ఎంత నెమ్మదిగా ఉంటుందో అదే మిక్సర్‌కు అసలు పరీక్ష. నెమ్మదైనదాన్నే పంపుతున్నాను.

ఫ్యాను ఆపు. ఫ్రిజ్ ప్లగ్గు తీసెయ్. గది మోగకుండా గోడకు పరుపు నిలబెట్టు. మైకుకు జానెడు దూరంలో కూర్చో. రికార్డు చివర ఒక్కసారి నా పేరు పిలువు. ఇంకేమీ అడగను.

రావద్దన్నందుకు రానిది,
అశ్విని


మణికొండ,
ఆగస్టు చివర

ప్రియమైన అశ్వినీ,

మిక్సర్‌ను మంచం మీద పెట్టుకుని పది రోజులుగా కాపురం చేస్తున్నాను. అమ్మ దాన్ని చూసి, "గిన్ని బొత్తాలేందే, ఇమానం నడుపుతవా?" అంది. పక్క సైటులో డ్రిల్లింగ్ ఆగినప్పుడు, నీళ్ల ట్యాంకర్ వెళ్లిపోయాక, ఆ సందులో పాడుతున్నాను. హెడ్‌ఫోన్లో నా గొంతు నాకే కొత్తగా ఉంది. బొంగురుగా, ఎవరో పెద్దావిడ పాడుతున్నట్టు. ముసలిదాన్నయ్యాక ఇలాగే ఉండేదాన్నేమో అనుకున్నాను.

చాలా పాటలు అనుకున్నాను. ఆరు అయ్యాయి. నిన్న డాక్టరు చూసి, పెరుగుతోంది, సెప్టెంబరు దాకా ఆగలేం అన్నారు. ఎల్లుండి దవాఖానలో చేరాలి. రాకేష్ ఈ మాట విని బండి కడగడానికి కిందికి పోయాడు. కడిగిన బండే మళ్లీ కడిగాడు.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. దగ్గులుంటాయి, ట్యాంకర్ హారన్ ఉంటుంది. శుభ్రం చేసి పెట్టు. వినేవాళ్లకు నా పాటే వినబడాలి, నా రోగం వినబడకూడదు. ఆ ఒక్కటీ చూడు.

ఆపరేషన్ అయ్యాక రా. అప్పుడు ఎంతసేపైనా కూర్చోవచ్చు. మాటలన్నీ నువ్వే చెప్పాలి మరి.

పాడినంతవరకు పాడిన
సంధ్య


తెల్లాపూర్,
సెప్టెంబరు

బంగారు సంధ్యకు,

దవాఖానలో నీ చేయి పట్టుకుని కూర్చున్నన్నాళ్లూ నేను వాగిన వాగుడుకు నర్సు నన్నే బయటికి పొమ్మంది. నువ్వు నవ్వావు. చప్పుడు లేకుండా నవ్వడం చూసి తట్టుకోలేక, ఫోన్ వచ్చిందని అబద్ధం చెప్పి బయటికి పోయాను.

ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు నీ పక్కనే ఉండాలనుకున్నాను. మా అమ్మ బాత్రూములో జారి కాలు విరగ్గొట్టుకుంది. "కాలు ఇరిగిందన్నా రావా పాపా?" అని ఫోన్లో ఒకటే ఏడుపు. రాత్రి బస్సుకు ప్రొద్దుటూరు పోతున్నాను. పెన్‌డ్రైవ్, ఈ ఉత్తరం రాకేష్ చేతికిస్తున్నాను.

దగ్గులు పోయాయి, హారన్ పోయింది. చివర్లో నా పేరు పిలిచావు, దాన్ని వేరుగా తీసి నా దగ్గర దాచుకున్నాను.

ఒక్క పని మాత్రం కష్టమైంది. ప్రతి వరుస పాడాక నువ్వు ఆగిపోతున్నావు. చాలాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఊపిరి కూడదీసుకుని మళ్లీ ఎత్తుకుంటున్నావు. మొదటిసారి విన్నప్పుడు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేశాను. అంత ఆయాసంతో ఎలా పాడావే తల్లీ? ఆ ఆగిన చోట్లన్నీ ఒక్కొక్కటే కోసేసి, అతుకు తెలియకుండా కలిపాను. ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా పాడినట్టుంది. రోగం జాడే లేదు. పాత రికార్డు ఎవరి చెవినా పడకూడదని చెరిపేశాను.

అందరికీ నా సంధ్య గొంతు వినిపించు.

దూరం పోతున్నా దగ్గరే ఉన్న
అశ్విని


మణికొండ,
సద్దుల బతుకమ్మ మరునాడు

నా పిచ్చి అశ్వినీ,

నిన్న సాయంత్రం నిన్ను చెడామడా తిట్టాను. నోటితో కాదు కాబట్టి ఎవరికీ వినబడలేదు.

సెల్లారు మధ్యలో బతుకమ్మలు పెట్టారు. మెడకు పల్చటి గుడ్డ కట్టుకుని మిక్సర్ పక్కన కుర్చీలో కూర్చున్నాను. పెన్‌డ్రైవ్ పెట్టాను. నా గొంతు వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతూ వంగి, మొదటి వరుస విని, అందుకోబోయారు. అప్పటికే నేను రెండో వరుసలో ఉన్నాను. స్వప్న నోరు తెరిచి మూసుకుంది. ఇంకో రెండు వరుసలకు తిరిగేవాళ్ల కాళ్లు ఆగిపోయాయి. "గింత ఉరుకుడేందే? జర మమ్ముల అననియ్యవా?" అంది అమ్మ, స్పీకరు వైపు చూసి.

నీకెలా తెలుస్తుంది? దసరా సెలవులు రాగానే ఏటా ప్రొద్దుటూరు బస్సెక్కేదానివి. నువ్వు విన్నదల్లా డీజే బతుకమ్మే. ఇది ఒక్కరు పాడే పాట కాదే. ఒకరు వరుస ఎత్తి ఆగుతారు. చుట్టూ తిరిగేవాళ్లు అదే వరుస తిరిగి అంటారు. వాళ్లు ముగించాక ఇంకో వరుస. నేను ఆయాసంతో ఆగలేదు, వాళ్ల కోసం ఆగాను. ఎవరూ లేని గదిలో, పరుపు వైపు తిరిగి కూర్చుని, వాళ్లందరూ అంటున్నట్టు మనసులో అనుకుని, ముగిసిందనుకున్నాక మళ్లీ ఎత్తుకున్నాను. నువ్వు కోసేసింది వాళ్లను.

ఇది నీకు చెప్పాలని నాకూ తట్టలేదు. అన్నం చేత్తో తినాలని ఎవరికైనా చెబుతామా?

స్వప్న ఫోన్ తీసి, "డీజే పాటలు పెడుదునా పోచమ్మత్తా?" అని అమ్మను మెల్లగా అడిగింది. అప్పుడు లేచి నిలబడ్డాను. పాటను మొదటికి తిప్పాను. ఒక వరుస పోనిచ్చి, మీట నొక్కి ఆపాను. అందరూ నా వైపు చూశారు. అనండి అని గడ్డం ఎత్తాను. అన్నారు. మళ్లీ వదిలాను, మళ్లీ ఆపాను. మొదట్లో తడబడ్డాం, మాట సగంలో తెగింది, ఎవరో నవ్వారు. తర్వాత కుదిరింది. ఆరు పాటలూ అలాగే నిలబడి పాడించాను.

ఇన్నేళ్లు పాట ఎత్తానే గాని, వాళ్లు తిరిగి అనేది నేనెప్పుడూ సరిగా వినలేదు. ఆ కాసేపట్లో తర్వాతి వరుస గుర్తు తెచ్చుకునేదాన్ని. నిన్న విన్నాను. అమ్మ గొంతు అందరికన్నా కింద, స్వప్నది కాస్త పక్కకు పోతూ. ఎంత బాగుందో చెప్పలేను. తెలియకుండానే వాళ్లతో కలిసి నేనూ అనబోయాను. నోరు తెరిచాను. ఊపిరి ఆపరేషన్‌లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి పోయింది, గుడ్డ కదిలింది, అంతే. అమ్మ చూసింది. చూసి కూడా పాడటం ఆపలేదు. ఇంటికొచ్చాక నా తల ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఇది చదవగానే లాప్‌టాప్ ముందు కూర్చుని, ఖాళీలన్నీ మళ్లీ పెట్టి పంపుతానంటావు. పంపకు. ఖాళీలుంటే పాట దానంతట అదే నడిచిపోతుంది, ఎవరూ అక్కర్లేదు. ఇలాగే ఉంటే ఒక మనిషి పక్కన నిలబడి, వాళ్ల నోళ్లు చూస్తూ ఆపాలి. ఆ పని నేనింకా చేయగలను.

ఎన్నేళ్లు చేయగలనో తెలియదు. మొన్న రిపోర్టు వచ్చింది. మెడలో ఇంకొంచెం మిగిలి ఉందట. అమ్మకు చెప్పలేదు, రాకేష్‌కు తెలుసు. పాట ఉంటే చాలు, మాట పోతే పోయిందనుకున్నాను గాని, నాకు ఇంకా బతకాలని ఉందే అశ్వినీ.

వచ్చే దసరాకు ప్రొద్దుటూరు పోకు. మీ అమ్మను కూడా ఇక్కడికే తీసుకురా. నేనుంటే నువ్వు వాళ్లలో కలిసి తిరుగు. లేకపోతే మిక్సర్ దగ్గర నువ్వు నిలబడు. వాళ్లు ముగించేదాకా ఆగు. తొందరపడకు.

నీ
సంధ్య