నీకు ఇవ్వని లైసెన్సు

అన్నా,

మంఖాల్ పొలం గొడవలో చంపేస్తారని భయపడి నువ్వు తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టావు. ప్రాణభయం లేదని తిప్పి పంపారు. నువ్వు పోయాక నేను పెడితే ఇచ్చారు. రుజువుగా నీ మరణ ధ్రువీకరణ పత్రం జతచేశాను.

ఈరోజు దుకాణానికి వెళ్లి, హ్యాండ్‌బ్యాగులో కనపడకుండా ఇమిడే చిన్న పిస్తోలు చూపించమన్నాను.

"గా చిన్నది పేలిస్తే కొత్తోళ్ల చేతుల ఎగురుతది బేటా. జర బరువున్న రివాల్వర్ తీస్కో, చెయ్యి కుదురుగుంటది," అన్నాడు ముసలి యజమాని. అదే తీసుకున్నాను.

తిరిగొస్తుంటే శంషాబాద్ బస్టాండులో నిన్ను నరికినవాడు ఎదురయ్యాడు. బెయిలు మీద ఉన్నాడు.

"బాగున్నవా చెల్లె?" అన్నాడు.

తుపాకీ బ్యాగులోనే ఉంది. నా నోరు మాత్రం అలవాటుగా, "బాగున్న అన్నా" అంది.